కడుపులో ఒక సత్రం

అరగని పీచు మన ఒంటికి ఎలా పనికొస్తుంది? రాయపురం గంజి తొట్టి దగ్గర మొదలై వేలూరు కలరా వార్డు దాకా వెళ్లే సమాధానం ఇది.

చెన్నైలో రాయపురం అంచున, పాత జైలు రోడ్డు మీద స్టాన్లీ ప్రభుత్వ ఆస్పత్రి ఉంది. ఉత్తర చెన్నైలో పాతకాలం వాళ్లను అడిగితే దాన్ని ‘కంజి తొట్టి ఆస్పత్రి’ అంటారు. అంటే గంజి తొట్టి ఆస్పత్రి. ఆ పేరు ఊరికే రాలేదు. 1782లో, హైదర్ అలీ యుద్ధం నడుస్తున్న రోజుల్లో, పల్లెలు పాడుబడి కరువొచ్చింది. తిండి వెతుక్కుంటూ మద్రాసు చేరిన జనానికి పట్నం ఉత్తరపు దిక్కున గంజి కాచి పోయడం మొదలుపెట్టారు. అదే మణేగార్ సత్రం. ఆకలితో వచ్చినవాళ్లలో జబ్బుపడ్డవాళ్లూ ఉంటారు కదా. 1799లో జాన్ అండర్‌వుడ్ అనే కంపెనీ వైద్యుడు అక్కడ వైద్యం ఏర్పాటు చేశాడు. ఆ వైద్యశాల పెరిగి పెద్దదై, వైద్య పాఠశాలగా మారి, 1930లలో గవర్నర్ జార్జ్ స్టాన్లీ పేరు పెట్టుకుంది. సత్రం మాత్రం సత్రంగానే మిగిలి, ఇప్పటికీ దిక్కులేని వృద్ధులకు నీడనిస్తోంది. దాని పక్కన వెంకటగిరి రాజా పేరుతో ఇంకో సత్రం కూడా వెలిసింది.

తిండి, వైద్యం ఒకే ఆవరణలో పుట్టిన చోటు అది. ఆ రెండింటి మధ్య సంబంధం గురించి మనందరికీ ఒక గట్టి నమ్మకం ఉంది. కడుపు బాగాలేనివాడికి తేలిగ్గా అరిగేదే పెట్టాలంటాం. జ్వరమొస్తే జావ, విరేచనాలైతే పల్చటి గంజి. అరగనిది కడుపుకు బరువు, దండగ అనుకుంటాం. బియ్యాన్ని తెల్లగా మర పట్టించడం వెనకా, గోధుమ పిండిని జల్లించి పొట్టు పారేయడం వెనకా ఉన్నది ఈ నమ్మకమే.

మరి 2000 సంవత్సరంలో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు ప్రకటించిన ఫలితం దీనికి అడ్డం తిరిగింది. కలరా రోగులు తాగే ఓఆర్ఎస్ అనే ఉప్పు–గ్లూకోజు ద్రావణంలో వాళ్లు కావాలని అరగని పిండిపదార్థం కలిపారు. అది తాగినవాళ్లకు విరేచనాలు మిగతావాళ్ల కంటే ముందే కట్టాయి. అరగని పదార్థం జబ్బుపడ్డ పేగుకు మందెలా అయింది? ఈ చిక్కుముడి విప్పితే పీచు గురించి తెలుసుకోవాల్సిందంతా దాదాపుగా తెలిసిపోతుంది.

అరిగేది ఎక్కడ, మిగిలేది ఎక్కడ

అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్న క్షణం నుంచే దాన్ని ముక్కలు చేసే పని మొదలవుతుంది. బియ్యంలో ఉన్న పిండిపదార్థం గ్లూకోజు అణువులు వరసగా అతుక్కున్న పొడవాటి గొలుసు. లాలాజలంలోని ఎంజైములు, ఆ తర్వాత క్లోమం పంపే ఎంజైములు ఆ అతుకులను తెంపుతాయి. దాదాపు ఆరు మీటర్ల పొడవున్న చిన్నపేగు దాటేలోపు గ్లూకోజు రక్తంలో కలిసిపోతుంది. మాంసకృత్తులు, కొవ్వులు కూడా చాలావరకు అక్కడే అయిపోతాయి.

మొక్కల్లో మరో రకం గొలుసులూ ఉన్నాయి. తోటకూర కాడలో, రాగి పొట్టులో, శనగ తొక్కలో ఉన్న సెల్యులోజు కూడా గ్లూకోజుతో అల్లిందే. కాకపోతే అతుకు పడిన తీరు వేరు. ఆ అతుకును తెంపే ఎంజైము మనిషి ఒంట్లో లేదు. జామపండులోని పెక్టిన్, మెంతుల్లోని జిగురు, పప్పుల్లోని కొన్ని చక్కెరలు కూడా అంతే. వీటన్నిటినీ కలిపి పీచు అంటున్నాం. నారలా కంటికి కనిపించేదే పీచు అనుకోవడం సరికాదు. నానబెట్టిన మెంతుల మీద తేలే జిగురూ పీచే.

మొక్కల్లోని ఇలాంటి రకరకాల గొలుసులను తెంపే ఎంజైముల విషయంలో మనిషి చాలా పేద. మన జన్యువులు ఇచ్చేవి ఇరవైకి లోపే. మన పెద్దపేగులో ఉండే బాక్టీరాయిడిస్ థీటయొటామైక్రాన్ అనే ఒకే ఒక్క బాక్టీరియాకు అలాంటివి 250కి పైగా ఉన్నాయి. మనకు చేతకాని పనిని ఎవరికి అప్పగించామో ఈ లెక్కే చెబుతుంది.

చివరి మజిలీలో ఆకలిగొన్నవాళ్లు

చిన్నపేగు దాటాక వచ్చే పెద్దపేగు సుమారు ఒకటిన్నర మీటర్లు ఉంటుంది. చిన్నపేగులో తిండి ఉండేది కొన్ని గంటలైతే, ఇక్కడ ఒక రోజు, అంతకు మించి కూడా ఉంటుంది. సూక్ష్మజీవుల అసలు కాపురం ఇక్కడే. మన ఒంట్లో మొత్తం సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయని 2016లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు వేసిన లెక్క. అన్నీ కలిపి తూస్తే పావుకిలోకు లోపే. అందులో అత్యధిక భాగం పెద్దపేగులోనే.

పెద్దపేగును మణేగార్ సత్రంలాంటిది అనుకుందాం. ఊళ్లోని మంచి సరుకంతా దారిలోనే, అంటే చిన్నపేగులోనే, అమ్ముడైపోతుంది. ఊరి చివర ఉన్న సత్రానికి చేరేది మిగిలిన గంజి మాత్రమే. లోపల వందల రకాల అతిథులు ఆకలితో కాచుకుని ఉంటారు. పీచు అనే గంజి తొట్టిలో పడిందా, వాళ్లు కడుపునిండా తిని, తిన్నందుకు బదులుగా సత్రానికి చాకిరీ చేస్తారు.

ఆ చాకిరీ ఏమిటి? పీచును పులియబెట్టి బాక్టీరియా మూడు చిన్న ఆమ్లాలను తయారు చేస్తాయి. అవి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్. ఎసిటేట్ మన వంటింటి వెనిగర్‌లో ఉండేదే. మూడింట్లోనూ పేగుకు అతి ముఖ్యమైనది బ్యుటిరేట్. ఒంట్లోని చాలా కణాలు రక్తంలోని గ్లూకోజు మీద బతుకుతుంటే, పెద్దపేగు లోపలి పొర కణాలు తమకు కావాల్సిన శక్తిలో ఎక్కువ భాగం ఈ బ్యుటిరేట్ నుంచే తీసుకుంటాయి. అంటే మనం తిన్న అన్నం నేరుగా ఆ కణాలకు ముద్ద పెట్టదు. బాక్టీరియా తిని, ఆమ్లం తయారుచేసి ఇస్తేనే వాటి పొట్ట నిండేది.

ఈ ఆమ్లాలు ఇంకా కొన్ని పనులు చేస్తాయి. పెద్దపేగులో పులుపు పెరిగేసరికి హాని చేసే కొన్ని బాక్టీరియాకు అక్కడ నిలవడం కష్టమవుతుంది. పేగు గోడలోని కొన్ని కణాలు ఈ ఆమ్లాలను గుర్తించి, కడుపు నిండిందని మెదడుకు కబురు చేసే హార్మోన్లను వదులుతాయి. మన రోగనిరోధక కణాల దూకుడు తగ్గించడంలో బ్యుటిరేట్‌కు వాటా ఉంది. ఇక వేలూరు వైద్యులు వాడుకున్న పని మరొకటి.

వేలూరు వార్డులో ఏం జరిగింది

రోజూ దాదాపు లీటరున్నర నీళ్లు చిన్నపేగు దాటి పెద్దపేగులోకి వస్తాయి. అందులో చాలావరకు అక్కడే ఇంకి రక్తంలో కలుస్తుంది. అందుకే మలం గట్టిపడుతుంది. కలరాలో ఆ క్రిమి వదిలే విషం వల్ల చిన్నపేగు ఆగకుండా ఉప్పునీరు కక్కుతుంది. వచ్చిపడే వరదను పెద్దపేగు తట్టుకోలేదు. ఓఆర్ఎస్ ద్రావణం పనిచేసేది చిన్నపేగులో. గ్లూకోజు లోపలికి వెళ్లేటప్పుడు తనతోపాటు సోడియాన్ని తీసుకెళ్తుంది, సోడియం వెంట నీళ్లు వెళ్తాయి. ప్రాణం నిలుస్తుంది. కానీ విరేచనాల పరిమాణం మాత్రం పెద్దగా తగ్గదు.

వేలూరులో బి.ఎస్. రామకృష్ణ బృందం అడిగిన ప్రశ్న ఇది: ఆ పక్కనే ఉన్న పెద్దపేగును కూడా పనిలోకి దింపితే? పెద్దపేగు నీళ్లు పీల్చుకోవడానికి అక్కడ తయారయ్యే చిన్న ఆమ్లాలు సాయపడతాయని అప్పటికే తెలుసు. ఆ ఆమ్లాలు తయారుకావాలంటే బాక్టీరియాకు తిండి చేరాలి. తేలిగ్గా అరిగే పిండి అయితే దారిలోనే అయిపోతుంది. కాబట్టి అరగకుండా కిందిదాకా వెళ్లే ఒక రకం మొక్కజొన్న పిండిపదార్థాన్ని ఎంచుకున్నారు.

మొత్తం 48 మంది కలరా రోగులను మూడు గుంపులు చేశారు. మామూలు ఓఆర్ఎస్ తాగినవాళ్లకు విరేచనాలు కట్టడానికి సగటున 91 గంటలు పట్టింది. ఓఆర్ఎస్‌లో బియ్యప్పిండి కలిపినవాళ్లకు 71 గంటలు. అరగని పిండిపదార్థం కలిపినవాళ్లకు 57 గంటలే. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఈ ఫలితాలను 2000లో అచ్చువేసింది.

మందు కొత్తది కాదు, వాడినవాళ్ల చూపు కొత్తది. రోగికి తిండి పెట్టామనుకునే చోట, రోగి పేగులో ఉన్న బాక్టీరియాకు కూడా తిండి పెట్టాలని వాళ్లు గుర్తించారు. కలరా వచ్చినప్పుడు ఇంట్లో ఇలాంటి ప్రయోగాలు చేయకూడదు, ఓఆర్ఎస్ తాగిస్తూ ఆస్పత్రికి వెళ్లాల్సిందే. కానీ ఆ వార్డులో రుజువైన సూత్రం ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ అంతే వర్తిస్తుంది.

గంజి రాని సత్రం

మరి సత్రానికి గంజి ఆగిపోతే? అతిథులు లేచి వెళ్లిపోరు. గోడలు గీక్కుని తింటారు.

పేగు గోడకూ బాక్టీరియాకూ మధ్య ఒక జిగురు పొర ఉంటుంది. బాక్టీరియా నేరుగా కణాలను తాకకుండా అదే అడ్డుగా నిలుస్తుంది. ఆ జిగురు కూడా చక్కెర గొలుసులతో అల్లినదే కాబట్టి కొన్ని బాక్టీరియాకు అది తిండిగా పనికొస్తుంది. 2016లో మహేశ్ దేశాయ్, ఎరిక్ మార్టెన్స్ బృందం ఎలుకల మీద దీన్ని పరీక్షించి చూసింది. పీచు లేని తిండి పెట్టిన ఎలుకల్లో జిగురు తినే బాక్టీరియా పెరిగిపోయాయి, పొర పలచబడింది. ఆ తర్వాత పేగుజబ్బు తెచ్చే క్రిమిని ఎక్కిస్తే ఈ ఎలుకలకే జబ్బు ముదిరింది. పీచు తిన్నవాటిలో పొర మందంగా నిలిచి చాలావరకు కాపాడింది.

ఎలుకల్లో జరిగిందంతా మనుషుల్లో అచ్చంగా జరగాలని లేదు. మనుషుల మీద చేసిన పరీక్షల్లో బాగా ఆలోచింపజేసేది 2015లో స్టీఫెన్ ఓకీఫ్ బృందం చేసినది. అమెరికాలోని 20 మంది నల్లజాతీయులు, దక్షిణాఫ్రికా పల్లెల్లోని 20 మంది రెండు వారాలపాటు ఒకరి తిండి ఒకరు తిన్నారు. అమెరికా వాళ్ల తిండిలో పీచు రోజుకు 14 గ్రాముల నుంచి 55 గ్రాములకు పెరిగింది. దక్షిణాఫ్రికా వాళ్లకు 66 నుంచి 12కు పడిపోయింది. రెండు వారాల్లో అమెరికా వాళ్ల పెద్దపేగులో బ్యుటిరేట్ రెండున్నర రెట్లయింది. పేగుపొరలో వాపు గుర్తులు, పెద్దపేగు క్యాన్సర్ ప్రమాదంతో ముడిపడ్డ గుర్తులు తగ్గాయి. దక్షిణాఫ్రికా వాళ్లలో అంతా దీనికి తిరగబడింది. తిండిలో కొవ్వు, మాంసం పాళ్లు కూడా మారాయి కాబట్టి ఘనతంతా పీచుకే ఇవ్వలేం. అయినా పెద్దపేగు ఎంత త్వరగా స్పందిస్తుందో ఇంత సూటిగా చూపించిన పరీక్షలు తక్కువ.

తెల్లబియ్యం మింగిన పీచు

దక్షిణాదిలో ఈ కథ మొదట విటమిన్ కథగా బయటికొచ్చింది. మర బియ్యం తినేవాళ్లలో బెరిబెరి అనే జబ్బు కనిపించేది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక చిన్న గదిలో బెరిబెరి పరిశోధన మొదలుపెట్టాడు. ఆ గదే పెరిగి 1958లో హైదరాబాదు చేరి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. మర పట్టినప్పుడు బియ్యం తవుడుతోపాటు బి1 విటమిన్ పోతుందని అప్పట్లో అందరికీ అర్థమైంది. తవుడుతో పోయే పీచు గురించి మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అది అరగదు కదా, పోతే పోనీ అన్నారు.

ఆ మాటను గట్టిగా ప్రశ్నించిన వైద్యుడు డెనిస్ బర్కిట్. ఆయన ఉగాండాలో ఏళ్లతరబడి శస్త్రచికిత్సలు చేసిన ఐరిష్ సర్జన్. ఇంగ్లండులో రోజూ చూసే మొలలు, పెద్దపేగు తిత్తులు, అపెండిసైటిస్ ఆఫ్రికా పల్లెల్లో ఎందుకంత అరుదు అని ఆయన ఆశ్చర్యపోయాడు. 1972లో సహచరులతో కలిసి, వేర్వేరు జనాల మలం బరువునూ, తిండి పేగు దాటడానికి పట్టే సమయాన్నీ పోల్చి చూపించాడు. పీచు ఎక్కువ తినే పల్లెజనంలో మలం బరువెక్కువ, ప్రయాణం వేగం. పీచు తక్కువైన చోట అంతా నెమ్మది. మలబద్ధకానికి పీచు మంచిదని ఇవాళ ప్రతి డాక్టరూ చెప్పే మాట వెనక ఈ కొలతలున్నాయి.

మన తెలుగు నేలకు సంబంధించిన లెక్క ఒకటుంది. 2015లో అస్సాం, తెలంగాణ, మణిపూర్, సిక్కిం రాష్ట్రాల్లోని 15 గిరిజన తెగల పేగు బాక్టీరియాను పరిశీలించారు. ఊళ్లు వేరు, తిండ్లు వేరు అయినా ఎక్కువగా కనిపించింది ప్రివోటెల్లా అనే రకం. ధాన్యాలు, కాయగూరలు, పీచు దండిగా తినే జనాల్లో ప్రపంచవ్యాప్తంగా కనిపించే బాక్టీరియా అదే.

పెట్టె: ఎందులో ఎంత పీచు?

వండని 100 గ్రాముల్లో సుమారుగా, గ్రాముల్లో (జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం):

- మర పట్టిన తెల్లబియ్యం: 3
- జొన్నలు: 10
- రాగులు: 11
- సజ్జలు: 11
- కందిపప్పు: 9
- పొట్టుతో పెసలు: 17
- పొట్టుతో శనగలు: 25
- మెంతులు: 48
- జామపండు: 8.5
- మునగాకు: 8

పెద్దవాళ్లు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు సహజమైన తిండి నుంచే తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది.

ఒక ఇంటి లెక్క

రాయపురంలో ఒక మామూలు పనిమనిషి రోజు తిండిని ఊహించుకుని లెక్కేద్దాం. మూడు పూటలకూ కలిపి 300 గ్రాముల తెల్లబియ్యం: 9 గ్రాముల పీచు. సాంబారులోకి 50 గ్రాముల కందిపప్పు: 4.5. కూరగాయలు నూరు గ్రాములు: 3. మొత్తం పదహారు, పదిహేడు. కనీసానికి ఎనిమిదిన్నర గ్రాములు తక్కువ.

ఇప్పుడు ఆ బియ్యంలో వంద గ్రాములు తీసేసి అంత రాగిపిండి పెట్టండి. ఎనిమిది గ్రాములు పెరిగి లెక్క ఇరవైనాలుగు దాటుతుంది. సాయంత్రం గుప్పెడు శనగలతో సుండల్ (గుగ్గిళ్లు) చేస్తే, అంటే 30 గ్రాములతో, ఇంకో ఏడున్నర. ఒక జామపండు తింటే ఇంకో ఎనిమిదిన్నర. నలభై దాటింది. ఇందులో ఖరీదైన వస్తువు ఒక్కటీ లేదు. పీచు పేరుతో డబ్బాల్లో అమ్మే పొడులేవీ అక్కర్లేదు.

ఒకే రకం పీచు పెంచడం కంటే రకరకాలు తినడం మేలు. ఒక్కో బాక్టీరియాకు ఒక్కో గొలుసు మీద పట్టు. గోధుమ తవుడులాంటి గట్టిపీచు పెద్దగా పులియదు. నీటిని పట్టుకుని మలాన్ని పెంచి ముందుకు తోస్తుంది. మెంతులు, ఇసబ్‌గోల్ లాంటి జిగురుపీచు తిండిని చిక్కబరిచి, చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ మధుమేహ రోగులకు మెంతిపొడి పెట్టి చేసిన పరీక్షల్లో రక్తంలో చక్కెర తగ్గడం వెనక ఉన్నది ఎక్కువగా ఈ జిగురే. శనగల్లో, జామపండులో ఉన్న పీచు బాగా పులుస్తుంది, ఆమ్లాలు ఎక్కువగా పుట్టేది దాని నుంచే.

కూళు ముంతలో ఏముంది?

ఎండాకాలం ఉత్తర చెన్నై వీధుల్లో బండ్ల మీద సజ్జ కూళు, రాగి కూళు అమ్ముతారు. మనవైపు అంబలి అనేది దీనికి దగ్గరి చుట్టం. రాగిపిండిని నీళ్లలో కలిపి ఒక రాత్రి పులియనిస్తారు. మర్నాడు నూకలు ఉడికించి, పులిసిన పిండి పోసి గరిటెతో తిప్పుతూ దగ్గరికి వచ్చేదాకా వండుతారు. చల్లారాక ముద్దలు చేసి, ఆ మర్నాడు మజ్జిగలో పిసికి, ఉప్పు, చిన్నుల్లి వేసి పోస్తారు. పక్కన ఊరమిరపకాయ, గోరుచిక్కుడు వడియం, మామిడికాయ ముక్క. కాశిమేడు చేపల రేవు దగ్గరే కదా, ఎండుచేప కూడా.

పేగు లెక్కన చూస్తే ఆ ముంతలో మూడు సంగతులున్నాయి. మొదటిది రాగుల సొంత పీచు. రాగి గింజ మరీ చిన్నది, పొట్టు తీయడం కష్టం, అందుకే పొట్టుతో సహా పిండవుతుంది.

రెండోది, వండి చల్లార్చడం. ఉడికినప్పుడు పిండిపదార్థపు గొలుసులు విచ్చుకుంటాయి, ఎంజైములకు సులువుగా దొరుకుతాయి. చల్లారేటప్పుడు వాటిలో కొన్ని మళ్లీ దగ్గరగా చేరి బిగుసుకుంటాయి. ఆ బిగుసుకున్న భాగం చిన్నపేగులో అరగదు. వేలూరు వైద్యులు వాడినటువంటి అరగని పిండిపదార్థమే కొంచెంగా మన గిన్నెలోనూ తయారవుతుందన్నమాట. ఇండొనేషియాలో 2015లో చేసిన కొలతల్లో అప్పుడే వండిన తెల్ల అన్నంలో ఇది 100 గ్రాములకు 0.64 గ్రాములు ఉంటే, ఒక రోజు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ వేడిచేసిన అన్నంలో 1.65 గ్రాములు ఉంది. రెట్టింపు దాటినా, పరిమాణం చిన్నదేనని గమనించాలి. చద్దన్నం మంచిదే. కానీ తెల్లబియ్యపు చద్దన్నం ఒక్కటే తిని పీచు లోటు తీరిందనుకుంటే లెక్క తప్పుతుంది.

మూడోది పులియబెట్టడం. రాగిపిండిలో పుట్టిన బాక్టీరియా వండినప్పుడు చస్తాయి. ఇడ్లీలోనూ అంతే, ఆవిరిలో దాదాపు ఏదీ బతకదు. కానీ కూళులో చివర పోసే మజ్జిగలో బాక్టీరియా బతికే ఉంటాయి. 2021లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు 36 మందిలో సగం మందికి పెరుగు లాంటి పులిసిన పదార్థాలు, సగం మందికి పీచు బాగా పెంచి పది వారాలు పెట్టి చూశారు. పులిసినవి తిన్నవాళ్లలో పేగు బాక్టీరియా రకాలు పెరిగాయి, వాపును సూచించే ప్రొటీన్లు తగ్గాయి. పీచు తిన్నవాళ్లలో పీచును తెంపే ఎంజైములు పెరిగాయి గానీ, ఆ వ్యవధిలో కొత్త రకాలు అంతగా చేరలేదు. రెండూ కావాలనుకోవడానికి ఇదొక కారణం. పీచూ మజ్జిగా ఒకే ముంతలో పోసే కూళు ఆ రెండింటినీ అందిస్తుంది.

పెట్టె: చద్దన్నం, కూళు విషయంలో జాగ్రత్త

వండిన అన్నాన్ని బయట గంటలకొద్దీ వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరిగి విషం చేస్తుంది. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోకపోవచ్చు. అన్నం త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టడం, లేదా శుభ్రమైన నీళ్లు పోసి ఒక్క రాత్రే పులియనివ్వడం మేలు. వాసన తేడాగా ఉన్నా, జిగటగా తీగలు సాగినా పారేయాలి. వీధిలో తాగేటప్పుడు మజ్జిగలో కలిపే నీళ్లు ఎలాంటివో చూసుకోవాలి. పీచు చేసే మేలు కలుషిత నీళ్లు చేసే కీడును ఆపలేదు.

మొదటి వారం గ్యాసు ఎందుకు?

శనగలు, అలసందలు తింటే కడుపుబ్బరం అని చాలామంది మొదటి రోజే మానేస్తారు. పప్పుల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని తెంపే ఎంజైము మన చిన్నపేగులో లేదు. పెద్దపేగు బాక్టీరియా వాటిని గబగబా తిని, ఆమ్లాలతోపాటు హైడ్రోజన్, బొగ్గుపులుసు వాయువు వదులుతాయి. కొందరిలో మీథేన్ కూడా. అంటే గ్యాసు రావడం పులియడం జరుగుతోందనడానికి గుర్తే.

అలవాటు లేని పేగులో ఒక్కసారిగా పీచు కుమ్మరిస్తే వాయువు మోతాదు మించుతుంది. కొన్ని వారాల్లో బాక్టీరియా పొందిక మారేకొద్దీ చాలామందిలో ఇబ్బంది తగ్గుతుంది. అందుకని పెంచడంలో ఒక వరస పాటించాలి.

- మొదటి వారం ఒక్క పూట అన్నంలో సగం తగ్గించి రాగి, జొన్న, సజ్జల్లో ఒకటి చేర్చండి.
- రెండో వారం పప్పు గింజలు రెండు చెంచాలతో మొదలుపెట్టండి. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండితే ఉబ్బరం తెచ్చే చక్కెరలు కొంత పోతాయి. మొలకెత్తించినా తగ్గుతాయి.
- మూడో వారం నుంచి ఆకుకూర, అరటి దూట, గోరుచిక్కుడు లాంటివి వంతులవారీగా తిప్పండి. పండ్లు రసం తీయకుండా తినండి. రసం తీస్తే పీచు జల్లెడలోనే మిగిలిపోతుంది.
- నీళ్లు పెంచండి. నీళ్లు లేకుండా పీచు పెంచితే మలబద్ధకం తగ్గకపోగా ముదరొచ్చు.

పెట్టె: వీళ్లు డాక్టర్ని అడిగాకే

పేగు ఇరుకైనవాళ్లు, ఈమధ్యే కడుపు ఆపరేషన్ అయినవాళ్లు, క్రోన్స్ లాంటి పేగువాపు జబ్బు ముదిరినవాళ్లు పీచు పెంచేముందు వైద్యుణ్ణి అడగాలి. పేగు సున్నితమై తరచూ నొప్పి, ఉబ్బరం వచ్చేవాళ్లలో కొందరికి బాగా పులిసే పీచు పడదు. మధుమేహానికి మందులు వాడేవాళ్లు మెంతులు ఎక్కువగా తీసుకుంటే చక్కెర మరీ పడిపోకుండా చూసుకోవాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు కొన్ని పప్పులు, ఆకుకూరల్లోని పొటాషియం సమస్య కావొచ్చు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, మలవిసర్జన అలవాటు ఉన్నట్టుండి మారడం కనిపిస్తే దాన్ని పీచుతో సరిచేసుకోవాలని చూడకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

ఎవరి వంటశాల, ఎంత పీచు

ఏం తినాలో మనిషి ఒక్కడే తేల్చుకోవడం లేదు. రేషను దుకాణంలో ఏం ఇస్తే చాలా ఇళ్లలో అదే ఉడుకుతుంది. చెన్నై కార్పొరేషన్ 2013లో మొదలుపెట్టిన అమ్మ క్యాంటీన్లలో ఇడ్లీ రూపాయికి దొరుకుతుంది, పొంగలి, సాంబారన్నం కూడా చవకే. ఆకలి తీర్చడంలో వాటికి వంక పెట్టలేం. కానీ ఆ పళ్లెం నిండా ఉన్నది ఎక్కువగా తెల్లబియ్యమే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 మార్చిలో బడి మధ్యాహ్న భోజన పథకంలోకి వారానికి మూడు రోజులు బెల్లం కలిపిన రాగిజావ తెచ్చింది. ప్రధానంగా ఇనుము, కాల్షియం కోసం తెచ్చిన జావ అది. జల్లించని పిండితో కాస్తే పీచు కూడా దానితోపాటే పిల్లల పేగులకు చేరుతుంది. పెద్ద వంటశాలల్లో ఇలాంటి చిన్న మార్పు చేస్తే, ఒక్కో ఇంటికీ విడివిడిగా చెప్పి మార్చగలిగిన దానికంటే చాలా ఎక్కువ మందికి అందుతుంది.

ఉత్తర చెన్నైలో తమిళుల ఆడి నెల వస్తే అమ్మవారి గుళ్ల దగ్గర పెద్ద పెద్ద గంగాళాల్లో కూళు కాచి, వచ్చినవాళ్లందరికీ పోస్తారు. భక్తి లెక్కన ఏడాదికోసారి సరిపోతుంది. పేగు లెక్క అలా నడవదు. ఓకీఫ్ పరీక్షలో రెండు వారాల్లో బాగుపడ్డ పేగులనూ చూశాం, రెండు వారాల్లో వెనక్కి జారిన పేగులనూ చూశాం. నిరుడు తిన్న శనగలను పెద్దపేగు దాచిపెట్టుకోదు. పీచు బాకీ రోజూ పుడుతుంది, ఏ రోజు బాకీ ఆ రోజు తీర్చేయాలి.